ఇంటి కారు ఛార్జర్‌కు ఇనప పెట్టె: సిగ్నల్ ఎందుకు పడిపోతుంది, ఏం చేయాలి

పెట్టె బిగించిన రోజు అంతా బాగానే ఉంటుంది. తలుపు తీసే ఉంటుంది, ఎలక్ట్రీషియన్ పక్కనే ఉంటాడు, ఫోన్‌లో యాప్ పచ్చగా వెలుగుతుంది. రాత్రి తలుపు వేసి తాళం పెట్టేస్తారు. తెల్లారి చూస్తే యాప్‌లో ఛార్జర్ ‘ఆఫ్‌లైన్’. తలుపు తీయగానే మళ్లీ వచ్చేస్తుంది. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే మీ వైఫై బాలేదంటారు. వైఫై పెట్టినతను వచ్చి చూసి, నెట్ బ్రహ్మాండంగా ఉంది, ఛార్జరే తేడా అంటాడు. పెట్టె చేసిన వెల్డింగ్ షాపు అతన్ని ఎవరూ అడగరు. అసలు సంగతి ఉన్నది అక్కడే.

మలికిపురం లాంటి చోట ఛార్జర్‌కు పెట్టె కట్టించాలనిపించడం సహజమే. సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు, ఉప్పుగాలి. వాన మొదలైతే జల్లు గోడకు అడ్డంగా కొడుతుంది. 1996 నవంబరు తుపాను చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇంటి బయట ఏ వస్తువునూ కప్పు లేకుండా ఉంచనివ్వరు. పైగా ఛార్జర్ ఖరీదైనది, కేబుల్‌లో రాగి ఉంటుంది, వాకిట్లో పిల్లలు ఆడుకుంటారు. అందుకని జీఐ రేకుతో ఒక పెట్టె, దానికో తలుపు, గొళ్లెం, తాళం. బీరువాకు ఎలా ఉంటుందో అలా.

దీనికి గల్ఫ్ లెక్క కూడా తోడవుతుంది. కోనసీమలో ఇంటికొకరో ఇద్దరో కువైట్‌లోనో, ఖతర్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. కారు ఇక్కడ ఉంటుంది, కారు కొన్న మనిషి అక్కడ ఉంటాడు. ఛార్జింగ్ మొదలైందా, మధ్యలో ఆగిందా, ఎన్ని యూనిట్లు అయ్యాయి అన్నది అతను ఫోన్‌లో చూసుకుంటాడు. ఇంట్లో అమ్మీ, భార్య యాప్ జోలికి వెళ్లరు, ప్లగ్ పెట్టి వచ్చేస్తారు. కాబట్టి సిగ్నల్ పోతే ఇక్కడి వాళ్లకు తెలియకపోవచ్చు. తెలిసేది అక్కడ ఉన్నవాడికి. తెలిసినా అక్కడ కూర్చుని అతను చేయగలిగేది ఏమీ ఉండదు.

రేకు ఎందుకు అడ్డుకుంటుంది

1836లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త 12 అడుగుల గది లాంటి పెద్ద చట్రం కట్టించి, దాని చుట్టూ లోహం చుట్టించి, తానే లోపల కూర్చున్నాడు. బయట ఎంత విద్యుత్తు పెట్టినా లోపల పరికరానికి ఏమీ తెలియలేదు. లోహంలో ఉన్న కరెంటు కణాలు కదిలి, బయటి నుంచి వచ్చే ప్రభావాన్ని పైపైనే రద్దు చేసేస్తాయి. రేడియో తరంగానికీ జరిగేది ఇంచుమించు ఇదే. తరంగం రేకు మీద పడుతుంది, రేకు పైపొరలో సన్నగా కరెంటు పారుతుంది, తరంగం చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది మందం దగ్గర. ‘పల్చటి రేకు వేయిస్తే కొంచెం సిగ్నల్ వస్తుంది కదా’ అనుకుంటారు. రాదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం అల్యూమినియంలో 2 మైక్రాన్లు వెళ్లేసరికే చాలా భాగం చచ్చిపోతుంది. వంటింట్లో రొట్టెలు చుట్టే ఫాయిల్ మందం 10 మైక్రాన్ల పైనే. అంటే ఫాయిల్ కూడా చాలు, వెల్డింగ్ షాపు రేకు అక్కర్లేదు. రేకు సన్నం చేయిస్తే సిగ్నల్ పెరగదు, పెట్టె బలం మాత్రం తగ్గుతుంది.

మరి లోహపు పెట్టెలోకి సిగ్నల్ ఏ కొంచెమైనా ఎలా వెళ్తుంది? రేకులోంచి కాదు, సందుల్లోంచి. తలుపు అంచు, కేబుల్ దూరే కంత, వెనక గోడ వైపు ఖాళీ. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. సందు వెడల్పు ఎంత అన్నదానికన్నా పొడవు ఎంత అన్నది ముఖ్యం. తరంగంలో సగం, అంటే 6 సెంటీమీటర్లు దాటిన సన్నని చీలిక ఉంటే తరంగం అందులోంచి బాగానే జారుకుంటుంది. అదే 5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు వంద పెట్టినా గాలి వెళ్తుంది గానీ సిగ్నల్ పెద్దగా వెళ్లదు. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు చూడండి. అద్దం వెనక చిల్లుల రేకు ఉంటుంది. లోపల కూర గిన్నె కనిపిస్తుంది, అంటే వెలుతురు వస్తోంది. కానీ ఓవెన్ పనిచేసే 2.45 గిగాహెర్ట్జ్ తరంగం ఆ చిల్లుల్లోంచి బయటకు రాదు. ఇంటి వైఫైదీ దాదాపు అదే కొలత. ‘గాలికి చిల్లులు పెట్టించాం, సిగ్నల్ కూడా వెళ్తుందిలే’ అనుకునేవాళ్లు ఓవెన్ తలుపును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇంకొక చిన్న సంగతి. ఛార్జర్ లోపలి యాంటెన్నా సాధారణంగా ముందువైపు ప్లాస్టిక్ మూత వెనక ఉంటుంది. దానికి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరకు రేకు వచ్చేస్తే, అది అడ్డుకోవడమే కాదు, యాంటెన్నా శ్రుతి కూడా తప్పుతుంది. అందుకే ఒక్కోసారి తలుపు సగం తెరిచినా సిగ్నల్ సరిగా రాదు.

పక్కింట్లో పనిచేస్తోంది కదా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. పక్కింట్లోనూ ఇనప పెట్టే, అదే ఛార్జర్, అక్కడ యాప్ నడుస్తోంది. మనకెందుకు నడవదు?

దీనికి సిగ్నల్‌ను ఖాతా పుస్తకంలా చూడాలి. సిగ్నల్‌ను డీబీఎంలో కొలుస్తారు, అంకె ముందు మైనస్ ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. మైనస్ 50 అంటే బాగుంది. మైనస్ 67 అంటే ఫర్వాలేదు. మైనస్ 70 దాటితే తెగుతూ ఉంటుంది. మైనస్ 80 అంటే లేనట్టే. ప్రతి 10 డెసిబెళ్ల నష్టానికి సిగ్నల్ పదో వంతుకు పడిపోతుంది. 20 పోతే నూరో వంతు. 30 పోతే వెయ్యో వంతు.

రౌటర్ నుంచి సిగ్నల్ 20తో బయలుదేరుతుంది, అంటే 100 మిల్లీవాట్లు. 10 మీటర్ల దూరం ఖాళీ గాలిలో వెళ్లడానికే 60 ఖర్చయిపోతుంది. మిగిలింది మైనస్ 40. మధ్యలో రెండు ఇటుక గోడలు ఉంటే ఒక్కోటి సుమారు 5 నుంచి 8 తింటుంది. మైనస్ 54 దగ్గరకు వచ్చాం. ఇంతవరకు ఛార్జర్‌కు హాయి. ఇప్పుడు మామూలు పనితనంతో చేసిన రేకు పెట్టె పెట్టి తలుపు వేస్తే ఇంకో 20, 25 పోయిందనుకోండి. మైనస్ 76. ఖాతా ఖాళీ.

పక్కింట్లో రౌటర్ ఛార్జర్ ఉన్న గోడకు సరిగ్గా వెనకే ఉందనుకోండి. అక్కడ పెట్టెకు ముందు మైనస్ 42 ఉండి ఉంటుంది. పెట్టె 25 తిన్నా మైనస్ 67 మిగిలింది. యాప్ నడుస్తుంది. పెట్టె రెండిళ్లలోనూ ఒకేలా తినేసింది. ఒకరికి నిల్వ ఉంది, ఇంకొకరికి లేదు. అంతే తేడా.

ఈ నిల్వను తినేసేవి మన ఇళ్లలో ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది ఇనప బీరువా. రౌటర్‌కూ ఛార్జర్‌కూ మధ్య గోడకు ఆనించి బీరువా ఉంటే, అది ఇంకో రేకు గోడ. బీరువాను రెండడుగులు జరిపితే తీరిపోయే సమస్యకు కొత్త రౌటర్ కొనేస్తుంటారు. కాంక్రీటు పిల్లరు ఇటుక గోడకన్నా ఎక్కువ తింటుంది. వానకు నానిన గోడ పొడి గోడకన్నా ఎక్కువ తింటుంది. ఛార్జర్ గేటు దగ్గర ఉండి, మధ్యలో అరటి, కొబ్బరి చెట్లు ఉంటే, తడి ఆకులు కూడా సిగ్నల్‌ను పీల్చుకుంటాయి. ఏప్రిల్‌లో పనిచేసింది ఆగస్టులో ఎందుకు పనిచేయట్లేదు అన్నదానికి ఒక్కోసారి జవాబు ఇదే.

సిగ్నల్ ఒకవైపు వ్యవహారం కాదు. రౌటర్ మాట ఛార్జర్‌కు వినబడాలి, ఛార్జర్ మాట రౌటర్‌కు వినబడాలి. ఛార్జర్ రేడియో సాధారణంగా రౌటర్ కంటే చిన్నది. కాబట్టి పెట్టె పక్కన నిలబడి ఫోన్‌లో నాలుగు గీతలు చూసి ‘ఫుల్ సిగ్నల్’ అనుకుంటే లాభం లేదు. ఇంకొకటి, ఇంటి ఛార్జర్లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకోవు. రౌటర్ రెండింటినీ ఒకే పేరుతో ఇస్తుంటే మొదట కలిపేటప్పుడు గొడవ వస్తుంది. రౌటర్ సెట్టింగుల్లో 2.4కు వేరే పేరు పెట్టి కలపడం తేలిక.

సిమ్ ఉన్న ఛార్జరైతే?

కొన్ని ఛార్జర్లు వైఫైతో కాకుండా 4జీ సిమ్‌తో నడుస్తాయి. ఇంటి వైఫైతో పని లేదు కాబట్టి పెట్టె సమస్య కూడా ఉండదనుకుంటారు. ఉంటుంది. టవర్ సిగ్నల్ కూడా రేకును దాటలేదు. పైగా 850 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్ల తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. ఈ పొడవు తరంగాలు గోడల్లోంచి బాగా వస్తాయి, ఊళ్లలో దూరం టవర్ నుంచి కూడా అందుతాయి. కానీ చిన్న సందులోంచి దూరడానికి వైఫై కన్నా వీటికే ఎక్కువ కష్టం.

ఇంట్లో కొందరు స్టీలు డబ్బాలో ఫోన్ పెట్టి మూత వేసి ఇంకో ఫోన్‌తో కాల్ చేసి చూస్తారు. తీరా అది మోగుతుంది! ‘లోహం అడ్డుకోదు’ అని తేల్చేస్తారు. డబ్బా మూత చుట్టూ సన్నని పొడవాటి సందు ఉంటుంది, టవర్ సిగ్నల్‌కు నిల్వ ఎక్కువ ఉంటుంది. అందుకే మోగింది. రెండు గోడల అవతల అంచు మీద వేలాడుతున్న వైఫైకి ఆ పరీక్ష వర్తించదు.

ఛార్జర్ దగ్గర తాకించే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు సంగతి మరీ తేలిక. అది 13.56 మెగాహెర్ట్జ్ మీద రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. రేకు తలుపు మీద కార్డు పెడితే ఎంతసేపు ఉన్నా పలకదు, తలుపు తీయాల్సిందే.

సిగ్నల్ పోతే నిజంగా పోయేదేమిటి

ఛార్జింగ్ అయితే ఆగదు. మామూలు ఏసీ ఛార్జర్‌కు కరెంటు ఉంటే చాలు, కేబుల్ పెట్టగానే కారుతో అది నేరుగా కేబుల్‌లోని సన్నని తీగ ద్వారా మాట్లాడుకుంటుంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. కానీ కొన్ని ఛార్జర్లను యాప్‌తో మాత్రమే మొదలయ్యేలా పెడతారు, వాటికి నెట్ పోతే కేబుల్ పెట్టినా కదలదు. కొనేటప్పుడే ‘నెట్ లేకపోయినా ప్లగ్ పెట్టగానే ఛార్జ్ అవుతుందా’ అని గట్టిగా అడగాలి. ఈ జిల్లావాళ్లకు ఇది ఊహించుకునే సంగతి కాదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపేశారు. ఫోన్ చూపించి తెరిచే తాళాలన్నీ అలాంటి రోజున ఒకటే.

పోయే రెండో వస్తువు లెక్క. రాష్ట్రంలో గృహ కనెక్షన్‌కు స్లాబులు ఉన్నాయి. 2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం నెలకు 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 మధ్య 8.75, ఆపైన 9.75. సుమారు 30 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న కారును ఖాళీ నుంచి నింపడానికి, మధ్యలో పోయే నష్టం కలుపుకుని 33, 34 యూనిట్లు కావాలి. నెలకు నాలుగు సార్లంటే 135 యూనిట్లు. ఇల్లు ఇప్పటికే 225 దాటి ఉంటే, ఆ 135 యూనిట్లకు 8.75 చొప్పున 1,180 రూపాయల దాకా పడుతుంది. పెట్రోలుతో పోలిస్తే ఇది ఇప్పటికీ తక్కువే, కానీ బిల్లు చూసి ‘ఏసీ తిన్నదా, కారు తిన్నదా’ అని ఇంట్లో వాదన వస్తే తేల్చేది యాప్‌లోని లెక్కే. ఛార్జర్ వారాల తరబడి ఆఫ్‌లైన్‌లో ఉంటే ఆ లెక్క పూర్తిగా చేరకపోవచ్చు. కొన్ని ఛార్జర్లు లోపల దాచుకుని తర్వాత పంపిస్తాయి, కొన్ని పంపించవు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. హెచ్చరికలు. ఎర్త్ పోయింది, లోపల వేడెక్కింది, కరెంటు లీకవుతోంది అని ఛార్జర్ కనిపెట్టి ఆగిపోయినప్పుడు ఆ మాట ఫోన్‌కు చేరాలి. పెట్టె మూసి తాళం వేసి ఉంటే ముందున్న ఎర్ర లైటు ఎవరికీ కనిపించదు. సిగ్నల్ కూడా లేకపోతే ఫోన్‌కూ రాదు. సహరీకి లేచి కారు తీయాల్సినవాళ్లకు అప్పుడు తెలుస్తుంది, రాత్రంతా ఛార్జ్ కాలేదని. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోవడం కూడా ఉంది గానీ, దానికి అంత కంగారు అక్కర్లేదు.

సిగ్నల్ కన్నా పెద్ద ప్రమాదం

వైఫై కోసం మొదలైన మాట ఇక్కడ వేరే దారి పట్టక తప్పదు. ఎందుకంటే ఇనప పెట్టెతో వచ్చే అసలు ముప్పులు సిగ్నల్‌వి కావు, షాక్‌వి, వేడివి.

ప్లాస్టిక్ ఒంటితో ఉన్న ఛార్జర్‌ను ఇనప పెట్టెలో పెట్టామంటే, కరెంటు చుట్టూ ఒక లోహాన్ని మనమే చేర్చామన్నమాట. లోపల కేబుల్ ఎక్కడైనా రేకు అంచుకు ఒరుసుకుని తెగితే పెట్టె మొత్తానికి కరెంటు వస్తుంది. కింద తడి నేల, చెప్పులు లేని కాళ్లు. కాబట్టి పెట్టెకూ, విడిగా దాని తలుపుకూ పచ్చ వైరుతో ఎర్త్ కలపాలి. తలుపు కీలు మీద ఆధారపడకూడదు, ఉప్పుగాలికి కీలు తుప్పుపట్టి కరెంటుకు దారి ఇవ్వదు. వైరు దూరే ప్రతి కంతకూ రబ్బరు బుష్ లేదా గ్లాండ్ వేయించాలి.

దీంతోపాటు ఆర్‌సీసీబీ తప్పనిసరి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల్లో వాహన ఛార్జింగ్ గురించి విడిగా చెప్పారు. లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లు దాటకుండా కరెంటు కట్ చేసే పరికరం ఉండాలి. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. కేబుల్‌కు ఎక్స్‌టెన్షన్ తగిలించకూడదు. వాకిట్లోకి నీళ్లు వచ్చే లంక ఊళ్లలో 800 అన్నది కనీసం మాత్రమే, మునుపటి వరద గీత ఎక్కడుందో చూసి దానికి పైన పెట్టుకోవాలి.

ఎర్త్ సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు మొదలే కావు, తప్పు లైటు చూపిస్తాయి. అప్పుడు కొందరు న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ లోపల కలిపేసి ‘పనైపోయింది’ అంటారు. ఇది ఎవరు చేసినా చేయనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడో తెగిన రోజున పెట్టెకూ కారు బాడీకీ కరెంటు వచ్చేస్తుంది. ఇసుక నేలల్లో ఎర్త్ గొయ్యి వేసవిలో ఆరిపోతుంది. దాన్ని మే నెలలో కొలిపించాలి, వానల్లో కాదు.

ఇక వేడి. 7.2 కిలోవాట్ల ఛార్జర్‌లోంచి గంటల తరబడి 32 ఆంపియర్ల కరెంటు పారుతుంది. లోపలి రిలేలు, టెర్మినళ్లు వేడెక్కుతాయి. చాలా ఛార్జర్ల కాగితాల్లో బయటి ఉష్ణోగ్రత 45, 50 డిగ్రీల దాకా ఉండొచ్చని రాస్తారు. పడమటి ఎండ తగిలే గోడ మీద మూసిన రేకు పెట్టెలో మే నెల మధ్యాహ్నం ఆ గీత దాటడం కష్టమేమీ కాదు. అప్పుడు ఛార్జర్ తనంతట తాను కరెంటు తగ్గించుకుంటుంది, లేదా ఆగిపోతుంది. పెట్టెకు కిందా పైనా గాలి దారి ఉండాలి. పై దారికి జల్లు పడకుండా చూరులా వంచిన రేకు ఉండాలి. ఛార్జర్ చుట్టూ ఎంత ఖాళీ వదలాలో దాని కాగితంలోనే ఉంటుంది, ఆ కొలత తీసుకుని వెల్డింగ్ షాపుకు వెళ్లాలి. వారంటీ కాగితంలో మూసిన పెట్టె వద్దని రాసి ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

స్కూటర్ ఉన్న ఇళ్లవాళ్లకు ఒక మాట. స్కూటర్‌తో వచ్చే విడి ఛార్జర్‌ను, అంతకన్నా ముఖ్యంగా తీసి పెట్టే బ్యాటరీని, మూసిన పెట్టెలో పెట్టి ఛార్జ్ చేయకూడదు. పడకగదిలో అసలే వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయాడు.

అసలు పెట్టె అవసరమా

గోడకు బిగించే ఛార్జర్ల మీద ఐపీ అని రెండంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీ 54 అంటే అన్ని వైపుల నుంచి చిమ్మే నీళ్లను తట్టుకుంటుంది, ఐపీ 65 అంటే పైపుతో కొట్టే నీళ్లను కూడా. కాబట్టి వాన కోసమే అయితే పెట్టె అక్కర్లేదు. పైన ఒక చిన్న చూరు, పక్కన జల్లు కొట్టే వైపు ఒక అడ్డు చాలు. వరద నీళ్లలో మునగడం వేరు, దానికి పెట్టె కూడా ఏమీ చేయలేదు.

ఐకే అన్న అంకె దెబ్బలకు. ఐకే 10 అంటే 20 జౌళ్ల దెబ్బ తట్టుకుంటుంది, పిల్లల బంతికి అది చాలు. కానీ ఇది కోనసీమ. కిలోన్నర కొబ్బరికాయ 15 మీటర్ల పైనుంచి పడితే 220 జౌళ్లు. ఏ ప్లాస్టిక్కూ, ఏ వెల్డింగ్ రేకూ దానికి హామీ ఇవ్వలేదు. ఛార్జర్‌నూ, కారునూ చెట్టు కింద నుంచి జరపడమే మార్గం.

కొందరు పెట్టె కట్టించేది రేడియేషన్ భయంతో, పిల్లలు దగ్గర్లో ఆడతారని. ఛార్జర్ వైఫై బలం 100 మిల్లీవాట్లకు అటూ ఇటూ, ఇంట్లో ఉన్న రౌటర్ కన్నా ఎక్కువేం కాదు. చెవికి ఆనించుకునే ఫోన్ దానికన్నా చాలా దగ్గర. ఆ కారణంతో పెట్టె కట్టించనక్కర్లేదు.

పెట్టె కావాల్సిందే అనుకుంటే

దొంగ భయం నిజమే అయినప్పుడు పెట్టె కావాలి. అప్పుడు మొదట ఆలోచించాల్సింది లోహం కాని పెట్టె. కరెంటు స్తంభాల మీద, ఇళ్ల ముందు మీటర్లకు వాడే గట్టి ఎస్‌ఎంసీ పెట్టెలు చూసే ఉంటారు. గాజునార కలిసిన ప్లాస్టిక్ అది. తుప్పు పట్టదు, షాక్ కొట్టదు, వైఫైని పెద్దగా ఆపదు. ఉప్పుగాలి ఊరికి ఇనుము కన్నా ఇదే నయం. పాలీకార్బొనేట్ కూడా మంచిదే, ఎండకు పెళుసెక్కని రకం అడగాలి. మామూలు పీవీసీ రేకు రెండు మూడు వేసవులకే పగులుతుంది. వెండి రంగు లోహపు పెయింటు మాత్రం వేయించకండి, అందులో లోహపు పొడి ఉంటే కథ మొదటికి వస్తుంది.

లోహమే కావాలంటే తలుపు మధ్యలో కనీసం అరడుగు చదరపు కిటికీ కోయించి, దానికి పాలీకార్బొనేట్ పలక రబ్బరుతో బిగించాలి. కిటికీ ఛార్జర్ ముందు మూతకు ఎదురుగా రావాలి. లైటు రంగు కూడా బయటికి కనిపిస్తుంది, అది అదనపు లాభం. గ్రిల్ పెట్టె కూడా మంచిదే. కడ్డీల మధ్య అరచేయంత, అంటే 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే వైఫై దాదాపు ఇబ్బంది లేకుండా వెళ్తుంది, గాలీ ఆడుతుంది. కోళ్ల గూటికి వేసే సన్న జాలీ వేస్తే మళ్లీ పెట్టె వేసినట్టే.

చాలా ఇళ్లలో ఖర్చు లేకుండా తీరే ఉపాయం ఒకటుంది. రౌటర్ ఇంటి లోపల ఉంటుంది, ఛార్జర్ బయటి గోడ మీద. అంటే సిగ్నల్ గోడలోంచి, వెనక నుంచి వస్తుంది. వెల్డింగ్ షాపులో పెట్టెను ఆరు పక్కలా మూసి ఇస్తారు, వెనక పలక కూడా ఉంటుంది. ఆ వెనక పలక లేకుండా చేయించి, ఛార్జర్‌ను నేరుగా గోడకు బిగించి, మూడు పక్కలు, పైకప్పు, తలుపు మాత్రం చుట్టూ వచ్చేలా పెడితే సిగ్నల్‌కు దారి మిగులుతుంది. ముందు తలుపు రేకుదైనా పెద్దగా నష్టం ఉండదు. రౌటర్ వీధివైపు గదిలో ఉండి ఛార్జర్ ఎదురు గోడ మీద ఉంటే ఇది తిరగబడుతుంది, అప్పుడు కిటికీయే దిక్కు.

అన్నిటికన్నా నమ్మకమైనది తీగ. ఛార్జర్‌కు లాన్ పోర్టు ఉంటే రౌటర్ నుంచి క్యాట్ 6 కేబుల్ లాగించడమే. 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు, పెట్టె ఎంత మందమైనా పట్టింపు లేదు. కరెంటు వైరు ఉన్న పైపులో దాన్ని దూర్చకూడదు, వేరే పైపు వేయాలి. పోర్టు లేకపోతే రౌటర్‌ను జరపడం, అదీ కుదరకపోతే ఎక్స్‌టెండర్. ఎక్స్‌టెండర్‌ను సిగ్నల్ ఇంకా బాగున్న చోట, దారి మధ్యలో పెట్టాలి. సిగ్నల్ చచ్చిపోయిన చోట పెడితే లేని సిగ్నల్‌నే అది పంచుతుంది. బయటి యాంటెన్నా కోసం ఛార్జర్ మూత విప్పడం మాత్రం వద్దు, వారంటీతోపాటు నీళ్లు రాకుండా ఉన్న రబ్బరు కూడా పోతుంది.

కొలవడం ఎలా అంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై బలాన్ని డీబీఎంలో చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. పెట్టె ఇంటికి వచ్చాక, ఇంకా ఖాళీగా ఉన్నప్పుడే, ఛార్జర్ వచ్చే చోట గోడకు ఆనించి పట్టించండి. ఫోన్‌ను 2.4 వైఫైకి కలిపి, ఆ యాప్ తెరిచి, స్క్రీన్ రికార్డింగ్ ఆన్ చేసి లోపల పెట్టి, ఒక నిమిషం తలుపు వేయండి. తీసి చూస్తే తలుపు వేయకముందు ఎంత, వేశాక ఎంత అన్నది రికార్డింగ్‌లోనే కనిపిస్తుంది. తలుపు వేశాక కూడా మైనస్ 65 లోపల ఉంటే ఛార్జర్ బిగించొచ్చు. మైనస్ 70 దాటితే పెట్టెను వెనక్కి పంపి కిటికీ కోయించండి. వెల్డింగ్ షాపుకు మిగతా డబ్బు ఆ తర్వాత ఇవ్వొచ్చు.